చౌకోన్ అంటే చౌకం కాదు: బహుభుజులు, చతుర్భుజాలు మొదటి నుంచి

మా అన్న కొడుకు ఎనిమిదో తరగతి, మరాఠీ మీడియం. మొన్న సాయంత్రం జామెట్రీ డబ్బా, లెక్కల పుస్తకం నా ముందు పడేసి కూర్చున్నాడు. "కాకా, పుస్తకంల తప్పు పడ్డది. చౌకోన్ గీయమంటున్నరు, నాలుగు భుజాలకు నాలుగు వేరే వేరే కొలతలిచ్చిన్రు. చౌకం అట్ల ఎట్లొస్తది? మళ్ల నాలుగు భుజాలకు ఐదు కొలతలెందుకు?"

రెండూ మంచి అనుమానాలే. మొదటిది భాషతో వచ్చిన చిక్కు: మరాఠీ చౌకోన్ అంటే చతుర్భుజం, మనింట్లో చౌకం అంటే నలుచదరం. రెండోది అసలైన లెక్క ప్రశ్న, చతుర్భుజాల పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ పక్కన. పిల్లలకు బాసరలో అక్షరాభ్యాసం చేయించి తీసుకొచ్చి మరాఠీ బడిలో వేసే ఇళ్లు మా వైపు బోలెడు. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని విడదీసినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది, 1960లో మహారాష్ట్ర అయింది. ఇంట్లో తెలుగు మాట మాత్రం మారలేదు. అందుకే మా పిల్లలు ఒక భాషలో పాఠం విని, ఇంకో భాషలో అర్థం చేసుకుంటారు. దేగ్లూర్‌లోనైనా సిరొంచలోనైనా ఇలాంటి పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లు పక్కన కూర్చుని చెప్పుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు సామాను. ఒక అగ్గిపెట్టె, సైకిల్ షాపులో దొరికే సన్నటి వాల్వ్ ట్యూబు ఒక మూర, నాలుగు చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, పాత కాగితాలు, స్కేలు, కోణమాని. కంప్యూటర్ బొమ్మలు వద్దని కాదు. కానీ చతుర్భుజం చేతిలో వంగుతుంటే తెలిసేది తెర మీద చూస్తే తెలియదు.

మొదటి మెట్టు: ఏది బహుభుజి, ఏది కాదు

కాగితం మీద పెన్సిల్ పెట్టి తిన్నగా ఒక గీత గీయండి. ఎత్తకుండా మలుపు తిప్పి ఇంకో తిన్నని గీత, మళ్లీ ఇంకోటి. చివరికి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగండి. దారిలో ఏ గీతా ఇంకో గీతను దాటకపోతే అది బహుభుజి. ఇక్కడ చూడాల్సినవి మూడే: అన్నీ సరళరేఖలేనా, మూసుకుందా, గీతలు ఒకదాన్నొకటి కోశాయా.

జొన్న రొట్టె బహుభుజి కాదు, అంచు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి. ఒక పక్క తడిక లేని దొడ్డి కాదు, మూసుకోలేదు కాబట్టి. పిల్లలు చెయ్యి ఎత్తకుండా గీసే ఐదు మొనల చుక్క కూడా ఈ పాఠం లెక్కలో రాదు, లోపల గీతలు దాటుకుంటాయి. అదే చుక్కను లోపలి గీతలు లేకుండా బయటి అంచు మాత్రమే గీస్తే బహుభుజే, పది భుజాలది. వీళ్లు ఎప్పుడూ తడబడేది ఇక్కడే, కాబట్టి రెండూ పక్కపక్కన గీసి చూపించండి.

మూడు భుజాలకు తక్కువైతే మూసుకోదు. మూడైతే త్రిభుజం, నాలుగైతే చతుర్భుజం, ఆ పైన పంచభుజి, షడ్భుజి, సప్తభుజి, అష్టభుజి. బోల్టు నట్టు తల షడ్భుజి. భుజాలన్నీ సమానమై, కోణాలు కూడా సమానమైతే క్రమ బహుభుజి. రెండూ ఉండాలి సుమా. వాలిపోయిన సమచతుర్భుజానికి భుజాలు సమానమే, కోణాలు కావు. దీర్ఘచతురస్రానికి కోణాలు సమానమే, భుజాలు కావు. రెండూ క్రమ బహుభుజులు కావు.

ఇంకో తేడా ఉంది, కుంభాకారం, పుటాకారం. పేర్లు చూసి బెదరొద్దు. చెక్క మీద శీర్షాల దగ్గర, అంటే మూలల దగ్గర, మేకులు కొట్టి, చుట్టూ రబ్బరు బ్యాండు తొడగండి. బ్యాండు అన్ని మేకులకూ తగిలితే కుంభాకారం. ఏ మేకయినా బ్యాండుకు లోపలే ఉండిపోతే పుటాకారం, ఆ మూల దగ్గర లోపలి కోణం 180 డిగ్రీలు దాటింది.

రెండో మెట్టు: కోణాల మొత్తం

ఏదో ఒక చతుర్భుజం గీసి కత్తిరించండి. వంకరగా ఉన్నా పర్వాలేదు. నాలుగు మూలలూ చింపి, మొనలన్నీ ఒకే చుక్క దగ్గరికి చేర్చి పక్కపక్కన పేర్చండి. చుక్క చుట్టూ ఖాళీ లేకుండా నిండిపోతుంది. అంటే 360 డిగ్రీలు.

ఎందుకు నిండింది? ఒక మూల నుంచి ఎదురు మూలకు గీత గీస్తే చతుర్భుజం రెండు త్రిభుజాలవుతుంది. ఒక్కో త్రిభుజానికి 180. పంచభుజిలో ఒక మూల నుంచి గీతలు గీస్తే మూడు త్రిభుజాలు, షడ్భుజిలో నాలుగు. భుజాల సంఖ్యలోంచి రెండు తీసేసి 180తో గుణించడమే సూత్రం. పంచభుజికి 540, షడ్భుజికి 720. క్రమ పంచభుజిలో ఒక్కో కోణం 108, క్రమ షడ్భుజిలో 120.

బాత్రూముల్లో ఆరు మూలల టైల్స్ కనిపిస్తాయి, ఐదు మూలలవి కనిపించవు. 120 డిగ్రీల మూలలు మూడు చేరితే 360. 108వి మూడు చేరితే 324, నాలుగు చేరితే 432. ఖాళీ మిగలాలి, లేదా ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. ఒకే రకం క్రమ బహుభుజితో నేల పరవాలంటే త్రిభుజం, చతురస్రం, షడ్భుజి, ఈ మూడే కుదురుతాయి. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి, ఐదు నిమిషాల పని.

బయటి కోణాలైతే పొలం గెట్టు మీద చెప్పాలి. గెట్టు వెంబడి నడుస్తూ ప్రతి మూల దగ్గర ఎంత మళ్లారో కలుపుకుంటూ పోండి. చుట్టి వచ్చి, బయల్దేరినప్పుడు ఎటు చూశారో అటే మొహం పెట్టి నిలబడితే మొత్తం ఒక పూర్తి చుట్టు తిరిగినట్టు. 360. మూడు మూలల చేనైనా పన్నెండు మూలల చేనైనా అంతే. ఎటొచ్చీ పుటాకారపు మూల దగ్గర వెనక్కి మళ్లుతారు కాబట్టి అక్కడ తీసివేయాలి.

మూడో మెట్టు: ఐదో కొలత

మా వాడి రెండో ప్రశ్నకు జవాబు ఇదే. నిదానంగా చేయించండి.

అగ్గిపుల్లల్ని వాల్వ్ ట్యూబు ముక్కలతో అతికే పద్ధతిని దేశమంతా పిల్లలకు పరిచయం చేసింది అరవింద్ గుప్తా. పుణెలో ఏళ్ల తరబడి పిల్లల సైన్సు కేంద్రంలో పనిచేసిన మనిషి. ట్యూబును అంగుళం కన్నా తక్కువ ముక్కలుగా కోసి, రెండు చివర్ల నుంచి రెండు పుల్లలు దూర్చితే వంగే మూల తయారవుతుంది. మందు ముందే గీకేయండి.

మూడు పుల్లలతో త్రిభుజం కట్టి నొక్కండి. కదలదు. నాలుగు పుల్లలతో చతురస్రం కట్టి ఒక మూల నొక్కండి. పక్కకు ఒరుగుతుంది, ఇంకా నొక్కితే చదునై రెండు గీతల్లా అయిపోతుంది. పుల్లలు అవే, పొడవులు అవే, ఆకారం మాత్రం వేరు. నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన చతుర్భుజం తెలిసినట్టు కాదని వేలితో తేలింది కదా. ఇప్పుడు ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐదో పుల్ల కట్టండి. చతురస్రానికైతే అది కాస్త పొడుగుండాలి, చీపురు పుల్ల విరిచి వాడండి. ఇక కదలదు. పుస్తకంలో ఐదో కొలతగా ఇచ్చిన కర్ణం చేసే పని ఇదే. కర్ణం బదులు ఒక కోణం ఇచ్చినా పని జరుగుతుంది.

మా పాత నులక మంచం ఒక పక్కకు ఒరిగిపోయేది, అదీ ఇందుకే. వాకిలి తడికకు ఏటవాలుగా ఒక కర్ర బిగించేదీ ఇందుకే.

1150 నాటి లెక్కల పుస్తకం లీలావతిలో భాస్కరాచార్యుడు ఈ సంగతి మీద గట్టిగానే విసుక్కున్నాడు. ఒక లంబమో ఒక కర్ణమో చెప్పకుండా చతుర్భుజం ఫలం, అంటే వైశాల్యం, ఎంత అని అడిగేవాడు పిశాచమట, దానికి జవాబు చెప్పేవాడు అంతకు మించిన పిశాచమట. ఆయన శాస్త్రం చదివించడానికి మనవడు చాంగదేవుడు మఠం పెట్టించిన శాసనం మన మహారాష్ట్రలోనే, చాళీస్‌గావ్ దగ్గరి పాటణ్‌లో ఉంది. మా వాడికి పిశాచం మాట బాగా నచ్చింది. నాలుగు కొలతలే ఇచ్చిన లెక్క ఎక్కడైనా కనిపిస్తే "పిశాచం లెక్క" అంటున్నాడు.

నాలుగో మెట్టు: రెండు పుల్లలతో అన్ని రకాలు

బడి పుస్తకాలు చతుర్భుజాల రకాలను భుజాలతో మొదలుపెట్టి చెప్తాయి. నేను కర్ణాలతో మొదలుపెడతాను. కంఠస్థం చేసే బరువు సగం తగ్గుతుంది. రెండు చీపురు పుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కలిసిన చోట దారంతో కట్టి, నాలుగు కొసలను కాగితం మీద చుక్కలుగా గుర్తించి, చుక్కలు కలపండి. పుల్లలే కర్ణాలు, కలిపిన గీతలే భుజాలు.

ఒకటి పొడుగు, ఒకటి పొట్టి పుల్ల తీసుకుని రెండింటినీ సరిగ్గా మధ్యలో కట్టండి. ఏ కోణంలో తిప్పినా సమాంతర చతుర్భుజమే వస్తుంది. ఎదుటి భుజాలు సమానం, సమాంతరం. ఎదుటి కోణాలు సమానం, పక్క పక్క కోణాలు కలిస్తే 180. మరాఠీ పుస్తకంలో దీని పేరు సమాంతరభుజ చౌకోన్.

అదే ముడిని లంబంగా, అంటే మరాఠీలో చెప్పే కాటకోన్‌లో, తిప్పి నిలపండి. నాలుగు భుజాలూ సమానమైపోతాయి. ఇది సమచతుర్భుజం, రాంబస్. మరాఠీలో సమభుజ చౌకోన్. తెలుగు పేరు విని చతురస్రం అనుకునే పిల్లలు చాలామంది. సమం అన్నది భుజాలకే గాని కోణాలకు కాదు.

ఇప్పుడు రెండు పుల్లలూ ఒకే పొడవు తీసుకుని మధ్యలో కట్టండి. ఏ కోణంలో తిప్పినా దీర్ఘచతురస్రం, మరాఠీలో ఆయత్. తిప్పుతూ తిప్పుతూ పుల్లలు లంబంగా వచ్చిన ఒక్క చోట అది చతురస్రం అవుతుంది, మరాఠీలో చౌరస్. ఈ తిప్పుడు మాత్రం పిల్లల చేతనే చేయించండి. చతురస్రం దీర్ఘచతురస్రంలో ఒక రకం అని ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోని పిల్లలు, పుల్లలు తిప్పుతుంటే దారిలో చతురస్రం వచ్చి వెళ్లడం చూసి నోరు మూసుకుంటారు.

ఒక పుల్ల మధ్యభాగాన్ని ఇంకో పుల్ల మీద మధ్యలో కాకుండా కొంచెం పైకి పెట్టి, లంబంగా కట్టండి. గాలిపటం. మరాఠీలోనూ పతంగే. సంక్రాంతికి అందరూ కట్టేదే కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. పక్కపక్క భుజాలు రెండు జతలుగా సమానం, ఒక కర్ణం రెండోదాన్ని మాత్రమే సగం చేస్తుంది.

చివరగా ట్రెపీజియం, మరాఠీలో సమలంబ చౌకోన్. 15 సెంటీమీటర్ల పుల్లను 5 దగ్గర, 12 సెంటీమీటర్ల పుల్లను 4 దగ్గర, అంటే రెండింటినీ మూడో వంతు దగ్గర, కట్టండి. ఒక జత ఎదుటి భుజాలు సమాంతరంగా వస్తాయి, వాటిలో పెద్దది చిన్నదానికి రెండింతలుంటుంది. కొలిచి చూడండి. కొన్ని పుస్తకాలు ఒకే ఒక్క జత సమాంతరంగా ఉంటేనే ట్రెపీజియం అంటాయి, కొన్ని కనీసం ఒక జత ఉంటే చాలంటాయి. పరీక్షకు మీ పిల్లల పుస్తకం ఏది చెబితే అదే.

మరాఠీలో చౌకోన్ అంటే నాలుగు కోణాలున్న ఏ ఆకారమైనా, మనం చతుర్భుజం అనేది. మనింట్లో చౌకం అంటే నాలుగు వైపులూ సమానమైన నలుచదరం, అంటే వాళ్ల చౌరస్. మాట దగ్గరగా ఉంది, అర్థం దూరంగా ఉంది. గుర్తుకు ఒక దారి: వాళ్లు చౌరస్ ఫూట్ అనేదాన్ని మనం చదరపు అడుగు అంటాం. చౌరస్‌కు జత చదరం. చౌకోన్‌కు జత చతుర్భుజం. కర్ణం మాట మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. రెండింటిలోనూ లంబకోణ త్రిభుజపు పెద్ద భుజానికీ, చతుర్భుజం ఎదురు మూలల గీతకూ అదే పేరు.

ఏది దేనిలో రకం అన్న దానికి నేను ఊరి లెక్క చెప్తాను. ధర్మాబాద్ వాళ్లందరూ నాందేడ్ జిల్లా వాళ్లే. నాందేడ్ జిల్లా వాళ్లందరూ ధర్మాబాద్ వాళ్లు కారు. అట్లాగే ప్రతి చతురస్రం దీర్ఘచతురస్రమే, సమచతుర్భుజం కూడా. ప్రతి దీర్ఘచతురస్రం సమాంతర చతుర్భుజమే. తిరగేసి చదివితే తప్పు.

మేస్త్రిలు పునాది మూలలు సరిచూసేటప్పుడు రెండు కర్ణాలూ టేపుతో కొలిచి, సమానమైతే సరే అంటారు. మా దగ్గర గుణ్యా అనే మూలమట్టం చిన్న మూలకు సరిపోతుంది గాని ముప్పై అడుగుల గోడకు సరిపోదు, అందుకే ఈ పద్ధతి. అయితే కర్ణాలు సమానమైనంత మాత్రాన చాలదు. రెండు సమానమైన పుల్లలను రెండింటికీ మూడో వంతు దగ్గర కట్టి చూడండి. కర్ణాలు సమానమే, వచ్చేది ట్రెపీజియం. ముందు ఎదుటి గోడలు సమానమని చూసుకుని, ఆ తర్వాత కర్ణాలు చూడాలి.

ఐదో మెట్టు: వైశాల్యం, పొలం మీద

సూత్రాలు గబగబా చెప్పేస్తాను, పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. సమాంతర చతుర్భుజానికి భూమి గుణించు ఎత్తు. భూమి అంటే అడుగు భుజం, ఎత్తు అంటే లంబ దూరం, ఏటవాలు భుజం కాదు. సమచతుర్భుజానికి, గాలిపటానికి కర్ణాల లబ్ధంలో సగం. ట్రెపీజియానికి సమాంతర భుజాల మొత్తంలో సగం గుణించు వాటి మధ్య దూరం. మిగతా ఏ చతుర్భుజానికైనా ఒక కర్ణం, దాని మీదికి మిగిలిన రెండు మూలల నుంచి లంబాలు. కర్ణంలో సగాన్ని లంబాల మొత్తంతో గుణించాలి.

మా ఇంట్లో పొలం పంచుకున్న రోజు టేపు పట్టింది నేనే. నాలుగు వైపులా కొలిచి, ఎదురెదురు వైపుల సగటు తీసి, రెండు సగటులు గుణించాను. చుట్టుపక్కల అందరూ చేసేదే. ఏటవాలుగా ఉన్న ముక్క మా చిన్నాన్నకు వెళ్లింది. రెండు పంటల తర్వాత, విత్తనం లెక్కకన్నా తక్కువ పడుతోందేమిట్రా అన్నాడాయన. తప్పు నాదే.

ఎంత తప్పవుతుందో చిన్న లెక్కలో చూడండి. ఒక గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, 1089 చదరపు అడుగులు. 40 గుంటలు ఒక ఎకరం. రెండు వైపులు 132 అడుగులు, రెండు వైపులు 66 అడుగులున్న ముక్క మూలలు లంబంగా ఉంటే 132 గుణించు 66, అంటే 8712 చదరపు అడుగులు, సరిగ్గా 8 గుంటలు. అవే నాలుగు వైపులతో ముక్క ఒరిగి, పొడుగు గెట్ల మధ్య లంబ దూరం 49.5 అడుగులే ఉందనుకోండి. 132 గుణించు 49.5, అంటే 6534. ఆరు గుంటలు. గెట్టు పొడవు రెండింటికీ 396 అడుగులే. సగటుల లెక్క మాత్రం రెండింటికీ 8 అనే చెబుతుంది. కర్ణం కొలిస్తే అక్కడికక్కడే బయటపడేది. మూలలు సరిగ్గా ఉన్న ముక్కకు రెండు కర్ణాలూ సుమారు 147.6 అడుగులు, ఒరిగినదానికి ఒకటి సుమారు 182.5, ఇంకోటి సుమారు 101.

ఈ సగటుల పద్ధతి కొత్తదేం కాదు. 628లో బ్రహ్మగుప్తుడు దీన్ని చెబుతూనే స్థూల ఫలం, అంటే ఉజ్జాయింపు వైశాల్యం, అన్నాడు. దీర్ఘచతురస్రం కాని ఏ చేనుకైనా ఇది ఎక్కువే చూపిస్తుంది, ఎప్పుడూ తక్కువ చూపించదు. అమ్మేవాడికి ఎందుకు ఇష్టమో అర్థమైంది కదా.

పొలంలో ఇలా చేయండి. ఒక మూల నుంచి ఎదురు మూలకు తాడు బిగించి కట్టండి, దాని పొడవు రాసుకోండి. మూడో మూల దగ్గర ఒకరు టేపు సున్నా పట్టుకోవాలి. ఇంకొకరు రెండో కొసను తాడు వెంబడి జరుపుతూ రీడింగ్ చూడాలి. తగ్గుతూ వచ్చి మళ్లీ పెరగడం మొదలవుతుంది. అన్నింటికన్నా తక్కువ వచ్చిందే లంబం, మూలమట్టం అక్కర్లేదు. నాలుగో మూలకూ అంతే. కర్ణం 198 అడుగులు, లంబాలు 50, 38 అనుకుంటే 99 గుణించు 88, మళ్లీ 8712, ఎనిమిది గుంటలు. సాత్‌బారాలో, అంటే మా దగ్గరి పొలం కాగితంలో, హెక్టారు, ఆర్ లెక్కలుంటాయి. ఒక ఆర్ 100 చదరపు మీటర్లు, గుంట అంతకన్నా కాస్త పెద్దది, 101.17. ఇంటి వరకు దాదాపు ఒకటేననుకోవచ్చు. తగాదా ఉంటే మాత్రం సర్కారు మోజణి, అంటే సర్వే, తప్పదు, మన టేపు అక్కడ చెల్లదు.

చేను పుటాకారంగా ఉంటే ఒక కర్ణం పక్కవాడి పొలంలోంచి పోతుంది. లోపల ఉండే రెండో కర్ణాన్ని పట్టుకోండి, అదే సూత్రం పనిచేస్తుంది. లంబం కొలిచేటప్పుడు మాత్రం తాడును లోపలికి వంగిన మూల దాటించి అదే తిన్నన పొడిగించాలి, కర్ణం పొడవు మూలల వరకే. ఐదారు మూలలుంటే రెండో మెట్టులో చేసినట్టే త్రిభుజాలుగా విడగొట్టి కలుపుకోవాలి.

ఇదంతా పత్తి ఏరి, కట్టె పీకేశాకే పెట్టుకోండి. నడుమెత్తు పత్తి నిలబడి ఉండగా తాడు తిన్నగా పోదు. మా వాడిని ఎండాకాలం సెలవుల్లో చిన్నాన్న చేనుకు తీసుకెళ్తానన్నాను, టేపు వాడు పడతాడు.